ట్రావెల్ ట్రైలర్ వీల్ బేరింగులు, బ్రేకులు ఎన్నాళ్లకోసారి విప్పి చూస్తున్నారు?

ఫ్రిస్కో క్యాంపర్
అందరికీ నమస్కారం. మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. ఈ మధ్యే ఒక పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే క్యాంపింగ్ బండి) కొన్నాం, రెండు యాక్సిల్స్‌ది. అమ్మినాయన దగ్గర సర్వీసు కాగితాలు ఒక్కటీ లేవు. పిల్లలకు సెలవులివ్వగానే కొలరాడో మీదుగా ఎల్లోస్టోన్ వెళ్లాలని అనుకుంటున్నాం. బేరింగులకు గ్రీజు ఎప్పుడు మార్చాలని అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. షాపువాళ్లు ఏటా చేయించాల్సిందే అంటారు. క్యాంప్‌గ్రౌండ్‌లో కలిసిన ఒక పెద్దాయన ఏళ్ల తరబడి ముట్టుకోలేదన్నాడు. మీ ఇంట్లో మనుషుల్ని ఎక్కించుకుని లాగే బండికి మీరేం చేస్తున్నారో అది చెప్పండి.

డెన్వర్ బాబాయ్
ట్రైలర్ యాక్సిల్స్ చేసే డెక్స్‌టర్ కంపెనీ మాన్యువల్‌లో బేరింగ్ సర్వీసుకు 12 నెలలు లేదా 12,000 మైళ్లు, ఏది ముందొస్తే అప్పుడు అని ఉంటుంది. మన వాడకానికి మైళ్ల కంటే ఏడాదే ముందొస్తుంది. కానీ నీ సంగతి వేరు తమ్ముడూ. చరిత్ర తెలియని బండి కాబట్టి గడువు లెక్క పక్కన పెట్టి, బయలుదేరే ముందే నాలుగు చక్రాలూ విప్పించు. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తులో ఉంది. అది దాటి సిల్వర్‌థోర్న్ వైపు దిగుతుంటే వెనక ట్రైలర్ బరువంతా నెట్టుకొస్తుంది. బ్రేకు ఫెయిలైన లారీల కోసం రోడ్డు పక్కన ర్యాంపులు కట్టిన దారి అది. అక్కడ నీ బ్రేకుల మీద నీకు నమ్మకం ఉండాలి.

అట్లాంటా అక్క
బాబాయ్ గారి మాటే నాదీ. ఒక్కటి కలుపుతాను. చాలా ట్రైలర్లకు హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) మధ్యలో రబ్బరు మూత, దాని కింద గ్రీజు నిప్పుల్ ఉంటాయి. ఈజీ ల్యూబ్ అంటారు. గన్‌తో నాలుగు పంపులు కొట్టేస్తే సర్వీసు అయిపోయిందనుకుంటారు. ఆ గ్రీజు స్పిండిల్ (హబ్ తిరిగే యాక్సిల్ కొస) లోపలి రంధ్రం గుండా వెనక బేరింగ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ముందుకు తోసుకుని రావాలి. చక్రం పైకి లేపి తిప్పుతూ మెల్లగా పంపు చేస్తేనే అలా వస్తుంది. గబగబా కొడితే వెనక సీల్ తట్టుకోలేక గ్రీజు బ్రేక్ డ్రమ్‌లోకి పోతుంది.

మేం రెండో యాక్సిల్ డ్రమ్ ఊడదీసినప్పుడు చూశాం. బ్రేక్ షూ లైనింగ్ నల్లగా మెరుస్తోంది, గోటితో గీరితే జిడ్డు లేస్తోంది. కరెంటుతో బ్రేకు పట్టించే మాగ్నెట్ చుట్టూ గ్రీజు ముద్ద కట్టింది. అంతకుముందు సర్వీసు చేసినవాళ్లు నిప్పుల్‌లోంచి కొట్టి పంపేశారన్నమాట. జిడ్డు పీల్చుకున్న షూలను ఎంత కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే. బయట నుంచి చూస్తే చక్రం శుభ్రంగానే ఉంది. అందుకే విప్పకుండా చేసే సర్వీసును నేను సర్వీసు అనను.

న్యూజెర్సీ వీకెండ్
మాది ఏడాదిలో ఎక్కువ కాలం స్టోరేజీలోనే ఉంటుంది. తిరిగేది తక్కువ. మాకు కూడా ఏటా అవసరమా? రెండేళ్లకోసారి చాలదా?

డిట్రాయిట్ మెకానికల్
కదలకుండా ఉండే బండికే తేమ భయం ఎక్కువ. వాతావరణం చల్లబడినప్పుడల్లా హబ్ లోపల చెమ్మ చేరుతుంది. రోలర్లు ఎక్కడ ఆగి ఉంటే అక్కడే రేసు (రోలర్లు దొర్లే ఇనుప రింగు) మీద తుప్పు గీతలు పడతాయి. పాత గ్రీజు తుడిచి రేసును వెలుతురులో పెట్టి చూడండి. రోలర్ల ఎడంతోనే సన్నని నల్ల గీతలు వరసగా కనబడితే కారణం ఇదే. నా అభిప్రాయంలో మీరు గడువు పెంచుకోవద్దు. సీజన్ మొదట్లో ఒకసారి విప్పడం అలవాటు చేసుకోండి.

విప్పినప్పుడు ఏం చూడాలో కూడా రాస్తాను. 3,500 పౌండ్ల యాక్సిల్‌కు మామూలుగా ఎల్68149 లోపలి బేరింగ్, ఎల్44649 బయటి బేరింగ్ వస్తాయి. అయినా పాతదాని మీద చెక్కిన నంబరు చూసే కొనండి. నీలం రంగు తిరిగినా, రోలర్ మీద చిన్న గుంటలు కనబడినా బేరింగ్, రేసు రెండూ కలిపే మార్చాలి. కొత్త బేరింగును పాత రేసులో పెట్టకూడదు. సీల్ ఒకసారి తీశాక మళ్లీ వాడొద్దు, నట్ ఊడకుండా పెట్టే కాటర్ పిన్ కూడా అంతే.

గ్రీజు పెట్టేటప్పుడు బేరింగ్ వెడల్పు అంచును అరచేతిలో ఉన్న గ్రీజుకేసి నొక్కుతూ పోవాలి. రోలర్ల మధ్య నుంచి అవతలి వైపుకి గ్రీజు తేలేదాకా వదలకూడదు. లిథియం కాంప్లెక్స్, 2వ నంబరు (చిక్కదనం గ్రేడు) గ్రీజు చాలామంది వాడతారు. లోపల ఏ రకం ఉందో తెలియనప్పుడు దాని మీదే కొత్తది పుయ్యకండి. అన్ని గ్రీజులూ ఒకదాంతో ఒకటి కలవవు, కొన్ని కలిస్తే పలచబడి కారిపోతాయి. పాతదంతా కడిగి, ఆరనిచ్చి, అప్పుడు కొత్తది పెట్టండి.

హబ్‌ను పట్టి ఉంచే స్పిండిల్ నట్ బిగింపు ముఖ్యం. హబ్ తిప్పుతూ సుమారు 50 అడుగుల-పౌండ్లకు బిగించి, హబ్ కదలకుండా నట్ వదులు చేసి, మళ్లీ వేళ్లతో తగిలేదాకా మాత్రమే తిప్పాలి. రెంచ్‌తో గట్టిగా బిగించి వదిలేస్తే బేరింగ్ దారిలోనే కాలిపోతుంది.

నంద్యాల ట్రాక్టర్
అమెరికా బండ్ల గురించి నాకు తెలియదు గానీ, మా దగ్గర చెరకు తోలే ట్రాలీలకు సీజన్‌కు ముందే హబ్బులు విప్పి, పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టిస్తాం. దారిలో ఆగినప్పుడల్లా డ్రైవరు దిగి నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాడు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఇక కదలడు. మీరు దూరాలు పోతారు కదా, ఈ పద్ధతి లేదా?

డెన్వర్ బాబాయ్
ఉంది అన్నా, మేమూ అదే చేస్తాం. చెయ్యి కాలకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ వాడతాం. ఎంత డిగ్రీ దాటితే ప్రమాదం అని ఒకటే అంకె పట్టుకుని కూర్చోకూడదు. ఎండ పడే వైపు చక్రాలు కొంచెం ఎక్కువే చూపిస్తాయి, ఘాట్ దిగి ఆపితే డ్రమ్ములన్నీ వేడెక్కి ఉంటాయి. అదే వైపు పక్క చక్రంతో పోల్చి చూడాలి. ఒక్కటే బాగా వేడిగా ఉంటే బేరింగ్ అయినా పోతుండాలి, బ్రేకు అయినా పట్టేసి ఉండాలి. ఒక్కటే బాగా చల్లగా ఉంటే ఆ బ్రేకు పని చెయ్యట్లేదేమో చూడాలి. ఈ రెండోది చాలామందికి తట్టదు.

ఫ్రిస్కో క్యాంపర్
చాలా థాంక్స్ అందరికీ. బ్రేకులకు కూడా ఏడాది లెక్కేనా?

అట్లాంటా అక్క
విప్పి చూడటం ఏటా బేరింగులతో పాటే. అడ్జస్ట్‌మెంట్ మాత్రం అంతకంటే ముందు కావాలి. కొత్త షూలు వేస్తే మొదటి 200 మైళ్ల తర్వాత ఒకసారి, ఆపైన 3,000 మైళ్లకోసారి అని డెక్స్‌టర్ చెబుతుంది. ఎల్లోస్టోన్ పోయి వచ్చేసరికే మీకు దాదాపు అంత దూరం అవుతుంది. చక్రం పైకి లేపి, వెనక ప్లేటు కిందున్న చిన్న సందులోంచి స్టార్ వీల్ (షూలను డ్రమ్ముకు దగ్గర చేసే పళ్ల చక్రం) తిప్పుతూ చక్రం బాగా బిగుసుకునేదాకా తేవాలి, తర్వాత వెనక్కి వదలాలి, చక్రం తేలిగ్గా తిరగాలి. వాటంతటవే సర్దుకునే రకం కూడా ఉంది, ముందు మీది ఏదో చూసుకోండి. జాకీ యాక్సిల్ గొట్టం కింద పెట్టొద్దు, ఫ్రేమ్ కింద పెట్టి స్టాండ్లు వెయ్యండి.

డిట్రాయిట్ మెకానికల్
మల్టీమీటర్ ఉంటే మాగ్నెట్లు కూడా చూడండి. 10, 12 అంగుళాల బ్రేకుల మాగ్నెట్ 3.2 ఓమ్స్ దగ్గర చూపించాలి. అసలు కరెంటు అందకపోతే చాలాసార్లు వైరు కనెక్షన్ దగ్గరే తుప్పు ఉంటుంది. బ్రేకవే స్విచ్ (ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే దానంతటదే బ్రేకులు పట్టించేది) కూడా మర్చిపోవద్దు. ట్రక్కు నుంచి ప్లగ్ తీసేసి పిన్ లాగితే నాలుగు బ్రేకులూ పట్టాలి. చూసిన వెంటనే పిన్ పెట్టేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

న్యూజెర్సీ వీకెండ్
మా యాక్సిల్ మీద నెవ్ ఆర్ ల్యూబ్ అని రాసి ఉంది. అది కూడా విప్పాలా?

డిట్రాయిట్ మెకానికల్
అది సీల్ చేసిన కార్ట్రిడ్జ్ బేరింగ్, గ్రీజు పెట్టే పని లేదు. అరిగితే మొత్తం మార్చడమే. కానీ ఏటా చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఊగినా, తిప్పితే గరగరమన్నా మార్చే టైమ్ వచ్చినట్టే. బ్రేకులకు మాత్రం పైన అక్క రాసినదంతా మీకూ వర్తిస్తుంది.

ఫ్రిస్కో క్యాంపర్
ఇప్పుడే కిందకి దూరి యాక్సిల్ లేబుల్ చూశాను. 3,500 పౌండ్లవి, ఈజీ ల్యూబ్ రకం. నాలుగు చక్రాలకూ సీళ్లు, కాటర్ పిన్నులు ఆర్డర్ పెట్టాను. బేరింగులు ఒక సెట్టు అదనంగా తెప్పించి ట్రైలర్‌లో ఉంచుతాను. చక్రాలు మళ్లీ ఎక్కించాక లగ్ నట్ల (చక్రాన్ని హబ్‌కు బిగించే నట్ల) సంగతేంటి?

డెన్వర్ బాబాయ్
టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న అంకెకు, ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించు. ఆ తర్వాత 10, 25, 50 మైళ్ల దగ్గర ఆపి మళ్లీ చూడు. ఫ్రిస్కో నుంచి అయితే డెంటన్ దాటేలోపే మొదటి రెండూ అయిపోతాయి.