అన్నయ్యకు మూలకణాలు ఇవ్వబోతున్నాను: అమ్మ భయానికి ఏమని చెప్పాలి?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

మాది నెల్లూరు జిల్లా. పెళ్లయిన నాటి నుంచి చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాను. 41 ఏళ్ల మా అన్నయ్యకు నిరుడు ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. కీమోథెరపీతో జబ్బు అదుపులోకి వచ్చినా తిరగబెట్టే అవకాశం ఎక్కువని, అందువల్ల మూలకణాల మార్పిడి చేయడమే మేలని వైద్యులు చెప్పారు. దాత కణాలు రోగికి సరిపడతాయో లేదో కణాల మీది గుర్తులను పోల్చి చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష మా ఇద్దరికీ చేస్తే పదికి పదీ సరిపోయాయి. ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ మా అమ్మ మాత్రం "వెన్నులోంచి మూలుగ లాగేస్తే నడుము పడిపోతుంది, ఇద్దరు పిల్లల తల్లివి" అంటూ రెండు రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. కొడుకు బతకాలి, కూతురికి ఏమీ కాకూడదు. ఈ రెండింటి మధ్య ఆమె నలిగిపోతోంది.

మా మామగారి వాదన వేరు. మా చిన్నవాడు పుట్టినప్పుడు డబ్బు కట్టి దాచిన బొడ్డుతాడు రక్తం ఉండగా నీ ఒంట్లోంచి తీయడమెందుకని ఆయన అడుగుతున్నారు. పైగా మూలకణాల ఇంజెక్షన్‌తో మోకాళ్ల అరుగుదల నయమవుతుందన్న ప్రకటన చూసి, తానూ వేయించుకుంటానంటున్నారు. ఇవన్నీ ఒకటేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (బెంగళూరు; రక్తమార్పిడి విభాగంలో టెక్నాలజిస్టును)

అమ్మా, ముందుగా మీ అమ్మగారి భయం సంగతి చెబుతాను, ఎందుకంటే దాతల ఇళ్లలో దాదాపు ప్రతిచోటా నేను వినేది ఇదే. వెన్నుపాము వేరు, మూలుగ వేరు. వెన్నుపాము నరాల కట్ట. దాని జోలికి ఎవరూ పోరు. మూలుగ అనేది ఎముకల లోపలి మెత్తని పదార్థం. మన ఒంట్లో రోజూ సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు కొత్తగా పుడుతున్నాయంటే, వాటికి పుట్టిల్లు అదే. అక్కడ ఉండే మూలకణానికి రెండు గుణాలున్నాయి: తనలాంటి కణాన్నే మళ్లీ తయారుచేసుకోగలదు, అవసరాన్నిబట్టి ఎర్రకణంగానో, తెల్లకణంగానో, ప్లేట్‌లెట్‌గానో మారే సంతతినీ ఇవ్వగలదు. 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో ఈ సంగతికి గట్టి ఆధారం దొరికింది. తరుగును తానే పూడ్చుకునే ఈ గుణం వల్లనే దాత ఇచ్చినన్ని కణాలు దాత ఒంట్లో మళ్లీ తయారవుతాయి. బావిలో తోడిన నీరు మళ్లీ ఊరడం వంటిదని అమ్మగారికి చెప్పి చూడండి.

ఇక తీసే పద్ధతి. ఇప్పుడు పెద్దవాళ్ల విషయంలో ఎక్కువగా రక్తం నుంచే సేకరిస్తారు. నాలుగైదు రోజులు జీ-సీఎస్ఎఫ్ అనే మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు; దాంతో మూలుగలోని మూలకణాలు రక్తంలోకి వచ్చి చేరతాయి. ఆ తరువాత ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళుతుంది, అందులోంచి కావలసిన కణాలను వేరుచేసి మిగతాదంతా రెండో చేతిలోకి తిరిగి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్ల దానం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. నాలుగైదు గంటలు పడుతుంది, ఒక్కొక్కసారి మరునాడు కూడా కూర్చోవలసి వస్తుంది. మూలుగనే నేరుగా తీయాలని వైద్యులు నిర్ణయిస్తే, మత్తు ఇచ్చి తుంటి ఎముక వెనుక భాగం నుంచి సూదితో తీస్తారు. అప్పుడు కూడా వెన్నుపాముకు సంబంధం లేదు.

జవాబు 2 (వేళచ్చేరి, చెన్నై)

సోదరీ, నేను మా తమ్ముడికి ఇచ్చాను కాబట్టి పుస్తకాలలో లేని సంగతులు రెండు చెబుతాను. ఇంజెక్షన్లు మొదలైన మూడో రోజుకు నడుము, తుంటి, ఛాతీ ఎముకలలో జ్వరం వచ్చినప్పటి సలుపు వంటిది మొదలైంది. పారాసిటమాల్‌తో తగ్గేది, చివరి ఇంజెక్షన్ తరువాత రెండు మూడు రోజుల్లో పూర్తిగా పోయింది. యంత్రం దగ్గర పడుకున్నప్పుడు పెదవులు చిమచిమలాడాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు ఒంట్లోని కాల్షియాన్ని కాస్త పట్టేస్తుందట, చెప్పగానే కాల్షియం ఇచ్చారు. కాబట్టి మొహమాటపడి ఊరుకోకండి.

చివరకు చేతికి వచ్చింది పల్చటి టమాటా చారు రంగులో ఉన్న ఒక చిన్న సంచి. ఆపరేషన్ థియేటరూ లేదు, కత్తీ లేదు. మామూలుగా రక్తం ఎక్కించినట్లే తమ్ముడికి ఎక్కించారు. ఆ కణాలు దారి వెతుక్కుని మూలుగకు చేరి, రెండు మూడు వారాలకు కొత్త రక్తం తయారుచేయడం మొదలుపెట్టాయి. తమ్ముడిది బి పాజిటివ్, నాది ఓ పాజిటివ్. కొన్ని నెలలకు వాడి రక్తం గ్రూపు కూడా ఓ పాజిటివ్‌గా మారింది. మా నాయనమ్మ ఈ సంగతి ఇప్పటికీ నమ్మదు.

అసలు కష్టమంతా మీ అన్నయ్యగారిదేనని గుర్తుంచుకోండి. ముందు ఇచ్చే బలమైన కీమో, ఆపైన ఇన్‌ఫెక్షన్లు, దాత కణాలు రోగి చర్మం మీదా పేగుల మీదా కాలేయం మీదా దాడి చేసే జీవీహెచ్‌డీ అన్నీ ఆయన దాటాలి. అయితే మిగిలిన క్యాన్సర్ కణాలను వేటాడేవీ ఆ దాత కణాలే.

జవాబు 3 (బెంగళూరు, వైద్యుణ్ణి)

మామగారి రెండు మాటలకూ విడివిడిగా జవాబు చెప్పాలి. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలు ఉన్నమాట నిజం. 1988లో పారిస్‌లో మొదటిసారి వాటితో ఒక బాలుడికి మార్పిడి చేశారు. కానీ ఒక బొడ్డుతాడు నుంచి సాధారణంగా దొరికేది 100 మిల్లీలీటర్ల లోపు రక్తమే, అందులోని కణాలు ఎదిగిన మనిషి బరువుకు తరచుగా చాలవు. పైగా మీ బాబు హెచ్‌ఎల్‌ఏలో సగం మీ నుంచి, సగం మీ వారి నుంచి వచ్చింది, కనుక మేనమామతో సగమే సరిపోయే అవకాశం ఎక్కువ. పదికి పదీ కలిసిన తోబుట్టువు ఎదురుగా ఉండగా ఆ దారి వెతకనక్కరలేదు. ఒకే తల్లిదండ్రుల పిల్లలలో కూడా అలా పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. బిడ్డ తన భవిష్యత్తు కోసమే బొడ్డుతాడు రక్తాన్ని దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి కూడా చెప్పింది.

మోకాళ్ల సంగతి పూర్తిగా వేరు. రక్త మూలకణాల మార్పిడి వెనుక దశాబ్దాల అనుభవం ఉంది. దానికి పునాది వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది, మన దేశంలోనూ 1983 నుంచి జరుగుతోంది. మోకాలికి వేసే ఇంజెక్షన్లకు అటువంటి రుజువు లేదు. అరిగిన మృదులాస్థి వాటితో తిరిగి పెరుగుతుందని ఇంకా తేలలేదు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం అటువంటివి ఆమోదం పొందిన పరిశోధనలలో భాగంగానే జరగాలి, పరిశోధన అయితే దానికి రోగి నుంచి డబ్బు వసూలు చేయకూడదు. ముందే రుసుము అడిగితే అక్కడే అనుమానించాలి. మామగారికి వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైతే శస్త్రచికిత్స గురించి ఎముకల వైద్యుణ్ణి అడగమనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. వెన్నుపాము వేరన్న చోట ఆపించి, మళ్లీ చదివించుకుంది. మామగారు మోకాళ్ల మాట ప్రస్తుతానికి ఎత్తడం లేదు. అమ్మ ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే: ఇంజెక్షన్లు వేయించుకునే ఆ అయిదు రోజులూ నాకు ఏమి వండిపెట్టాలి?

జవాబు 1

ప్రత్యేక పథ్యమేమీ లేదమ్మా. మామూలు భోజనం, నీళ్లు బాగా తాగడం, సేకరణ రోజు ఉదయం ఖాళీ కడుపుతో రాకుండా ఇడ్లీ తిని రావడం. పాలు, పెరుగు ఉంటే కాల్షియానికి మంచిదే.