అమెరికాలో దివాలా పిటిషన్ వేయాలా, వద్దా? ఊళ్లో రెండెకరాలు ఉన్నాయి

మిర్యాలగూడ, ఇప్పుడు డల్లాస్

అందరికీ నమస్కారం. మేమిద్దరం ఈ దేశం వచ్చి మూడేళ్లు కావస్తోంది. న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కు మారి ఏడాది దాటింది. హెచ్-1బి మీద ఉన్నాను. మా పాప నెలలు నిండకుండా పుట్టింది. బీమా ఇవ్వని ఆసుపత్రి బిల్లులు ఒకవైపు, మధ్యలో ఉద్యోగం పోయి కార్డుల మీద నెట్టుకొచ్చిన ఖర్చులు మరోవైపు, మొత్తం 60 వేల డాలర్లు దాటింది. వీసా గడువులోపే కొత్త ఉద్యోగం దొరికింది కానీ జీతం తక్కువ. దివాలా పిటిషన్ వేస్తే వీసా పోతుందా? ఆ తర్వాత ఇల్లు అద్దెకు ఇస్తారా? ఊళ్లో నాన్న పూచీతో తీసుకున్న చదువు లోను ఉంది, బంధువుల దగ్గర నోటు రాసి తెచ్చిన బాకీ ఉంది. నా పేరున ఎడమ కాల్వ కింద రెండెకరాలు కూడా ఉన్నాయి.

సూర్యాపేట, ఇప్పుడు న్యూజెర్సీ

తమ్ముడూ, ముందు వీసా భయం వదిలెయ్. ఇది సివిల్ వ్యవహారం. పిటిషన్ వేసినంత మాత్రాన ఎవరినీ పంపించరు. పౌరసత్వం ఉండాలన్న నియమమూ లేదు. వీసాకు ముప్పు తెచ్చేది ఆ పత్రాల్లో రాసే అబద్ధం. ఆస్తి దాచడం ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు. మోసం కేసు మెడకు చుట్టుకున్నాక గ్రీన్ కార్డు మాట ఎత్తలేవు.

అందుకే నువ్వు చివర్లో ఒక్క ముక్కలో చెప్పిన ఆ రెండెకరాలే నాకు అన్నిటికంటే పెద్ద విషయంగా కనిపిస్తున్నాయి. ఆస్తి ప్రపంచంలో ఎక్కడ ఉన్నా, ఎవరి చేతిలో ఉన్నా రాయాల్సిందే. పాసు పుస్తకం నీ పేరున ఉంటే ఆ భూమి నీది. ఎన్‌ఆర్‌ఓ ఖాతా, ఎల్‌ఐసీ పాలసీ, నీ పేరున నడుస్తున్న చిట్టీ, అన్నీ రాయాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి 10 వేల డాలర్లు దాటిన ఏడాది ఎఫ్‌బార్, అంటే ఆ ఖాతాల వివరాలు ఇక్కడి ప్రభుత్వానికి చెప్పే పత్రం, వేసే ఉంటావు. అందులో ఉన్న ఖాతా ఈ పిటిషన్‌లో లేకపోతే, నీ ఆస్తులు అప్పులు పరిశీలించడానికి కేసులో నియమించే ట్రస్టీకి పట్టుకోవడానికి ఎంతసేపు? నాన్నగారి స్వార్జితం ఆయన ఉన్నంతకాలం నీది కాదు. తాతల నాటి భూమి అయితే పుట్టుకతో వచ్చే వాటా సంగతి ఉంటుంది, అది లాయరుకు విడిగా చెప్పు. పిటిషన్ వేసిన 180 రోజుల్లోపు నీకు వారసత్వం ఏదైనా వచ్చినా లెక్కలోకి వస్తుంది.

మనలాంటివాళ్లకు మామూలుగా రెండు దారులు. వాయిదాలు లేకుండా అప్పులు రద్దు చేసే చాప్టర్ 7 అయితే మామూలుగా నాలుగు నెలల్లో తేలుతుంది, కానీ మినహాయింపుకు, అంటే నీ దగ్గరే ఉంచుకోవచ్చని చట్టం చెప్పిన పరిమితికి, అందని ఆస్తిని ట్రస్టీ అమ్మవచ్చు. పైగా టెక్సాస్ మినహాయింపులు రెండేళ్లు అక్కడ నివాసం ఉంటేనే వర్తిస్తాయి, నీకు ఇంకా రాలేదు. రెండోది చాప్టర్ 13. అందులో ఆస్తి నీ దగ్గరే ఉంటుంది, మూడు నుంచి ఐదేళ్లు వాయిదాలు కట్టాలి. అయితే ఆ భూమి అమ్మితే అప్పులవాళ్లకు ఎంత దక్కేదో కనీసం అంతైనా కట్టితీరాలి. కాల్వ కింది భూమి ధర ఎంత పలుకుతోందో నాకంటే నీకే బాగా తెలుసు.

జడ్చర్ల, ఇప్పుడు హ్యూస్టన్

అన్న చెప్పినదంతా కోర్టులో జరిగేది. కోర్టు అయిపోయాక జరిగేది నేను చెబుతాను. నాకు చాప్టర్ 7లో అప్పులు రద్దయ్యాక బాబు బడి కోసం ఇల్లు మారాల్సి వచ్చింది. ఒక అపార్ట్‌మెంట్ ఆఫీసులో దరఖాస్తు రుసుము కట్టించుకున్నారు, జీతం చీటీలు తీసుకున్నారు, గది కొలతలు కూడా ఇచ్చారు. దాంతో పాత ఇల్లు ఖాళీ చేస్తున్నామని యజమానికి చెప్పేశాం. ఆ తర్వాత ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది, ఇవ్వలేమని. వెళ్లి అడిగితే ఇంకా కార్డుల బాకీలు కనబడుతున్నాయన్నారు. కోర్టు ఉత్తర్వు బల్ల మీద పెట్టాను. కంప్యూటర్ ఏం చెబితే అదేనంది అక్కడి అమ్మాయి. మేనేజరును అడిగితే లేరంది. మళ్లీ వెళితే మళ్లీ లేరంది. రుసుము తిరిగి ఇవ్వలేదు. పాత యజమాని నెలవారీ పద్ధతికి మార్చి అద్దె పెంచేశాడు. మా ఆవిడ సగం సామాను పెట్టెల్లో పెట్టుకుని వండిపెట్టింది.

చివరికి తేలిందేమిటంటే, కిరాయిదారుల చరిత్ర అమ్ముకునే ఒక కంపెనీ నివేదికలో రద్దయిన బాకీలు ఇంకా బతికే ఉన్నాయి. ఇల్లు ఇవ్వనన్నవాళ్లు నివేదిక ఎవరిదో చెప్పి తీరాలి, 60 రోజుల్లోపు అడిగితే ఆ కంపెనీ నివేదిక నకలు ఉచితంగా ఇవ్వాలి. తప్పు అని రాసి పంపితే మామూలుగా 30 రోజుల్లో విచారించాలి. అలాగే సరిచేయించాను. కాబట్టి తమ్ముడూ, ఉత్తర్వు చేతికి వచ్చాక మూడు క్రెడిట్ సంస్థల నివేదికలూ తెప్పించు. రద్దయిన ప్రతి ఖాతాలో బాకీ సున్నా ఉండాలి. అసలు దివాలా తీశారని ఇల్లు ఇవ్వకపోవడమే చట్టవిరుద్ధం, ఆ మాట గట్టిగా అడుగు.

నకిరేకల్, ఇప్పుడు అట్లాంటా

జడ్చర్ల అన్నా, చివరి మాట సరికాదు. ఆ రక్షణ ప్రభుత్వ సంస్థల విషయంలోనే. ప్రైవేటు యజమాని ఇవ్వనంటే మనం చేయగలిగింది లేదు. ఉద్యోగంలో ఉన్నవారిని దివాలా ఒక్కటే కారణంగా తీసేయకూడదు, కానీ ప్రైవేటు సంస్థలు కొత్తగా చేర్చుకోకపోవడాన్ని కోర్టులు మామూలుగా తప్పుపట్టలేదు. నివేదికల గురించి మీరు చెప్పినది మాత్రం బంగారం లాంటి మాట. చాప్టర్ 7 అందులో పదేళ్లు కనిపిస్తుంది.

తమ్ముడూ, మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను. పాప పుట్టిన ఆసుపత్రి లాభాపేక్ష లేనిదా? అయితే వారికి ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. మొదటి బిల్లు పంపిన నాటి నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఆ బిల్లు సగానికి తగ్గినా మీ నిర్ణయమే మారిపోవచ్చు. కోర్టు గడప తొక్కే ముందు ఆ కాగితం నింపండి.

ఒప్పందం కుదిర్చి అప్పు తగ్గిస్తామని ఫోను చేసే కంపెనీల జోలికి పోకండి. పని కాకముందే రుసుము తీసుకోవడాన్ని 2010 నుంచి నిషేధించారు, అయినా అడుగుతారు. వాళ్లు తగ్గించిన బాకీ చాలాసార్లు మీ ఆదాయంగా లెక్కకొచ్చి పన్ను పడుతుంది. దివాలాలో రద్దయినదానికి ఆ పన్ను లేదు.

ఇంట్లో బంగారం కూడా రాయాలి. నేను పుస్తెలతాడు, నా పెళ్లినాటి గాజులు, అత్తగారు పెట్టిన హారం వరుసగా విలువ కట్టి రాశాను. రాసేటప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు. ట్రస్టీ ముందు ప్రమాణం చేసి చెప్పే రోజున ఆ జాబితాయే నాకు ధైర్యం ఇచ్చింది. మీ ఆవిడకు ఇంగ్లీషు ఇబ్బంది అయితే దుభాషిని ఉచితంగా ఫోనులో ఇస్తారు, ముందే అడగండి.

కల్వకుర్తి, ఇప్పుడు చికాగో

పెద్దలు చట్టం చెప్పారు, నేను బతుకు చెబుతాను. బాకీ ఎగ్గొట్టడం మన ఇంటా వంటా లేదు. మూడు రూపాయల వడ్డీకైనా నోటు మీద సంతకం పెట్టి తెచ్చినవాళ్లకు ముందు కట్టాలి. కార్డు కంపెనీకి మన అమ్మానాన్నల గడప తెలియదు, ఊరివాళ్లకు తెలుసు. ఆ రెండెకరాలు తోబుట్టువు పేరుకు మార్చండి, బంధువుల బాకీ తీర్చండి, తర్వాత పిటిషన్ వేయండి. ఇక్కడి ట్రస్టీ మిర్యాలగూడ తహసీల్దారు ఆఫీసుకు వచ్చి చూడడు.

సూర్యాపేట, ఇప్పుడు న్యూజెర్సీ

అన్నా, మీ మీద గౌరవం ఉంది. కానీ ఈ సలహా పాటిస్తే ఆ కుటుంబం మునిగిపోతుంది. అప్పులవాళ్లకు అందకుండా పిటిషన్‌కు ముందు ఏడాదిలోపు ఆస్తి మారిస్తే అసలు అప్పుల రద్దే ఇవ్వరు, పిటిషన్ వేసిన చరిత్ర మాత్రం మిగులుతుంది. అలాంటి ఆస్తి మార్పిడులను రద్దు చేయడానికి ఫెడరల్ చట్టం రెండేళ్లు వెనక్కి చూస్తుంది, టెక్సాస్ చట్టం నాలుగేళ్లు. పిటిషన్‌కు ముందు ఏడాదిలో బంధువులకు కట్టిన బాకీని ట్రస్టీ వాళ్ల దగ్గర నుంచి వెనక్కి అడగవచ్చు. తహసీల్దారు ఆఫీసుకు రావాల్సిన పని కూడా లేదు. 2020లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భూభారతిలోనూ, మండలం, గ్రామం, సర్వే నంబరు ఉంటే భూమి వివరం కంప్యూటర్‌లోనే దొరుకుతుంది.

కల్వకుర్తి, ఇప్పుడు చికాగో

చూడగలగడం వేరు, చూడటం వేరు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉన్నాను, ఊరి భూమి కోసం ఎవరూ రాలేదు. అంత భయమైతే ఇక్కడ కాకుండా నల్లగొండ కోర్టులోనే ఐపీ వేయమనండి. లేదా అన్నీ వదిలి ఇంటికి వెళ్లిపోమనండి.

నకిరేకల్, ఇప్పుడు అట్లాంటా

నల్లగొండలో వేసే ఐపీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద నడుస్తుంది. 2016 నాటి దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీ అప్పులకు పూచీ ఇచ్చినవారికి తప్ప మామూలు మనుషులకు అమల్లోకి రాలేదు. ఐపీలోనూ ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఇంటికి వెళ్లిపోతే ఇక్కడి బాకీ దానంతట అది పోదు, కేసు వేస్తే మీరు లేకుండానే తీర్పు వస్తుంది.

ఇక్కడ అప్పులు రద్దయినా అది ఊరి బ్యాంకును ఆపదు తమ్ముడూ. చదువు లోను ఇక్కడే మామూలుగా రద్దు కాదు, పైగా నాన్నగారి పూచీ అలాగే ఉంటుంది. కాబట్టి అప్పులను రెండు కుప్పలుగా విడదీయండి. ఇక్కడ పోయేవి ఎన్ని, పోయినా ఇంటిని వదలనివి ఎన్ని? మొదటి కుప్ప చిన్నదైతే పదేళ్ల మచ్చ ఎందుకు? పెద్దదైతే సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు. చాప్టర్ 7 అర్హతకు గత ఆరు నెలల సగటు ఆదాయం చూస్తారు. ఉద్యోగం లేని నెలలు ఆ లెక్కలో నుంచి జారిపోకముందే లాయరును కలవండి.

మిర్యాలగూడ, ఇప్పుడు డల్లాస్

అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రి దరఖాస్తు తెప్పించాను, గడువు ఇంకా ఉంది. భూమికి ప్రభుత్వ విలువ రాస్తే చాలా? బంధువుల బాకీ కూడా జాబితాలో రాయాలా? వాళ్లకు ఎగ్గొట్టడం నా వల్ల కాదు.

సూర్యాపేట, ఇప్పుడు న్యూజెర్సీ

ప్రభుత్వ విలువ చాలదు, ఈ రోజు అమ్మితే వచ్చే ధర రాయాలి. పక్క పొలాల అమ్మకపు దస్తావేజుల నకళ్లు తెప్పించు.

బంధువుల బాకీ తప్పకుండా రాయాలి. ఇష్టమైనవాళ్లను వదిలేసే వీలు లేదు. కల్వకుర్తి అన్న బాధ కూడా ఇక్కడే తీరుతుంది. రద్దయ్యాక నీ ఇష్టంతో ఎవరికైనా కట్టుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. మీ మామకో బాబాయికో తర్వాత వచ్చే జీతంలో నుంచి రూపాయి బాకీ లేకుండా తీర్చవచ్చు. అయితే జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరి చిరునామాకూ కోర్టు నోటీసు వెళుతుంది. ఆ కవరు ఊరికి చేరేలోపు నువ్వే ఫోను చేసి చెప్పు.