పెరట్లో 288 చదరపు అడుగులు: ఏ మొక్క పక్కన ఏది, ఎంత దగ్గరగా?

కొత్తమడి:

వరంగల్ దగ్గర ఇంటి వెనక స్థలం. తూర్పు పడమరలుగా 24 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 12 అడుగులు. ఎర్ర చల్క నేల, బోరు నీళ్లు. పడమర వైపు ఐదడుగుల ప్రహరీ ఉంది, మిగతా మూడు వైపులా ఎండకు అడ్డం లేదు. అక్టోబరులో నాటాలి. టమాట, వంగ, మిరప, క్యాబేజీ, ఆకుకూరలు, పందిరి మీదకు బీర, సొర, కాకర కావాలి.

తోడు మొక్కల చార్టులు చాలా తిరుగుతున్నాయి. టమాట పక్కన తులసి, బంతి పెట్టమంటారు, ఉల్లి పక్కన చిక్కుడు వద్దంటారు, పప్పుజాతి మొక్క పక్కన ఏది పెట్టినా నత్రజని అందుతుందంటారు. వీటిలో మన దగ్గర నిజంగా పనిచేసేవి ఏవి? స్థలం తక్కువ కాబట్టి టమాట అడుగుకొకటి పెట్టొచ్చా? ఇంకొకటి, ఇప్పుడున్న బీరపాదుకు పిందెలు వేలెడు కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి. పక్కన బంతి పెడితే తేనెటీగలు వచ్చి పిందె నిలుస్తుందా?

మడిగట్టు:

కొత్తమడి గారూ, ఆ చార్టుల్లో చాలావరకు చలి దేశాల తోటల నుంచి వచ్చినవి. వాటిని పక్కన పెట్టి ఒక్క లెక్క చూసుకోండి: ఏ పంట ఎన్ని రోజులకు చేతికొస్తుంది, దాని పక్క మొక్క ఎన్ని రోజులకు నీడ కమ్ముతుంది. రెండు మొక్కలకు పొత్తు కుదిరేది ముఖ్యంగా ఇక్కడే.

ముందు మడులు. వెడల్పు 4 అడుగులు దాటొద్దు, ఎటు కూర్చున్నా చెయ్యి మధ్యకు అందాలి, మడిలో కాలు పడకూడదు. చల్క నేల తొక్కితే వాన తర్వాత గట్టిపడిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా 10 అడుగుల పొడవుతో నాలుగు మడులు, మధ్యలో అడుగున్నర దారులు తీయండి. 24 అడుగుల్లో 20న్నర పోతాయి. మిగిలిన మూడున్నర ప్రహరీ వైపు వదిలేయండి, సాయంత్రం నీడ ముందు అక్కడే పడుతుంది. కంపోస్టు గుంతకు, పుదీనాకు అది చాలు. ఉత్తరం అంచున మిగిలే రెండడుగుల పట్టీ పందిరికి. డిసెంబరులో మీ దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఆరడుగుల పందిరి నీడ ఐదడుగులకు పైగా ఉత్తరానికి పడుతుంది. అదే పందిరి దక్షిణాన వేస్తే మిట్టమధ్యాహ్నం సగం మడి నీడలో ఉంటుంది.

టమాట అడుగుకొకటి వద్దు. 4×10 మడిలో 40 మొక్కలు పడతాయి కానీ గాలి ఆడదు. శీతాకాలం మంచు తడి పది గంటల దాకా ఆకుల మీదే ఉంటుంది, ఆకుమచ్చ తెగులు కింది ఆకుల నుంచి పైకి పాకుతుంది, లోపలి తెల్లదోమ కంటికి కనిపించదు. వరసకు వరసకు 2 అడుగులు, మొక్కకు మొక్కకు అడుగున్నర పెట్టండి. రెండు వరసల్లో 12 మొక్కలు. విత్తనం కొనేటప్పుడు అర్క రక్షక్ దొరికితే తీసుకోండి. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అది.

నాటిన రోజు నుంచి 40 రోజుల దాకా ఆ రెండు వరసల మధ్య ఖాళీ ఉంటుంది. కిక్కిరిసి పెంచాల్సింది ఆ ఖాళీనే. నడిమి అడుగు వెడల్పులో నాటిన రోజే మెంతి చల్లండి, 25 రోజులకు కోతకొస్తుంది. పీకొద్దు, కత్తెరతో మొదలంటా కోయండి, టమాట వేళ్లు కదలవు. ముల్లంగి కూడా వేస్తుంటారు కానీ దాన్ని పీకే సమయానికి టమాట వేళ్లు అక్కడిదాకా వచ్చి ఉంటాయి, అందుకే నేను మెంతికే మొగ్గుతాను. మడి అంచుల్లో కొత్తిమీర. ధనియాలు రెండు బద్దలుగా నలిపి రాత్రంతా నానబెట్టి వేయండి. నీళ్లు మొదట్లోనే పోయాలి, మెంతి కోసమని పైనుంచి చల్లితే మట్టి చింది టమాట ఆకులకు తెగులు అంటుతుంది.

ఇంత దగ్గరగా పెంచితే నేలకు పెట్టాల్సింది కూడా పెరుగుతుంది. నాటే ముందు ఒక్కో మడికి 8–10 కిలోల వర్మికంపోస్టు, 400 గ్రాముల వేపపిండి. 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (నేలలోని తెగుళ్లను అణిచే మేలు బూజు) పొడిని 5 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి గోనెపట్టా కప్పి వారం నీడలో ఉంచి, దాన్నీ మడిలో కలపండి. తర్వాత మడిలో ఏ పంట తీసినా, ఆ చోట చదరపు అడుగుకు రెండు గుప్పిళ్ల కంపోస్టు వేయకుండా మళ్లీ విత్తొద్దు.

నత్రజని సంగతి. చిక్కుడు, అలసంద వేళ్లలో పట్టిన నత్రజని ఆ మొక్కకే, చివరికి దాని గింజలకే ఎక్కువగా పోతుంది. పక్క మొక్కకు ఆ సీజనులో అందేది స్వల్పం. లాభం తర్వాతి పంటకు, అదీ మొక్కను పీకకుండా నేల మట్టానికి కోసి వేళ్లు లోపలే వదిలితేనే. కాబట్టి పప్పుజాతిని తోడు మొక్కగా కన్నా ముందు పంటగా చూడండి. ఉల్లి పక్కన చిక్కుడు వద్దన్న నియమం కోసం మడి ప్లాను మార్చుకోనక్కర్లేదు.

వేపపిండి:

మడిగట్టు గారు చెప్పిన దానికి పురుగుల వైపు నుంచి కలుపుతాను. పురుగును తన మీదికి లాగే ఎర పంట, గాలివాటున వచ్చే పురుగును ఆపే అడ్డు పంట అని రెండు రకాలున్నాయి, రెంటినీ కలిపేయడం వల్లే చాలామందికి బంతి పనిచేయదు.

టమాటలో బంతి ఎర పంట. కాయతొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు టమాట కన్నా పూత మీదున్న బంతి మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు 16 వరసల టమాటకు ఒక వరస బంతి. అసలు కీలకం వయసులో ఉంది: 25 రోజుల టమాట నారు నాటేటప్పుడు బంతి నారు 45 రోజులది ఉండాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. రెండూ ఒకే రోజు విత్తితే టమాట పూత వచ్చేనాటికి బంతి ఇంకా ఆకు మీదే ఉంటుంది, పురుగు నేరుగా టమాటకే పోతుంది. మీకు ఇప్పుడు అంత వ్యవధి లేదు కాబట్టి మొగ్గ తొడిగిన పొడుగు రకం పసుపు బంతి నర్సరీలో కొని, మడి రెండు చివర్లా రెండేసి పెట్టండి. మూడు రోజులకోసారి మొగ్గలు విప్పి చూసి, పురుగున్న వాటిని తెంపి సబ్బునీళ్లలో వేయాలి. చూడకుండా వదిలేస్తే ఆ బంతి మొక్కే పురుగుల నారుమడి అవుతుంది. బంతి మీద వేపనూనె కొట్టకండి, ఆ వాసనకు తల్లి పురుగు అక్కడ వాలదు, ఎర ఎందుకూ పనికిరాదు. టమాట మీద మాత్రం 1500 పీపీఎం (సీసా మీద రాసుండే గాఢత) వేపనూనె లీటరుకు 5 మి.లీ. చొప్పున సాయంత్రం పూట కొట్టొచ్చు.

మిరపకు బంతి వద్దు. 2021లో మన మిరప తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలలో దూరే రకం, మిరప పక్కన మరో పూల మొక్కను పెట్టి దానికి చోటివ్వనక్కర్లేదు. అక్కడ కావాల్సింది అడ్డు పంట. గాలి ఎక్కువగా వచ్చే వైపు మొక్కజొన్న గానీ జొన్న గానీ రెండు వరసలు, మిరప నాటడానికి మూడు వారాల ముందే విత్తాలి. తామర పురుగులు, పేనుబంక, తెల్లదోమ గాలివాటున వచ్చేవి, మొదట ఆ ఆకుల మీద ఆగుతాయి. అయితే మీ స్థలంలో దక్షిణం వైపు వేస్తే నీడ సమస్య, ఆ వైపు ఒక్క వరసే పలచగా వేయండి. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని కాడ సాగితే తెల్ల నల్లి. నల్లికి జిగురు అట్టలు పనిచేయవు, తామర పురుగుకు నీలం అట్ట, తెల్లదోమకు పసుపు అట్ట.

క్యాబేజీకి ఆవాలు. డైమండ్ రెక్కల పురుగు ఆవ మొక్క మీదికే ముందు పోతుంది. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఒక చివర, నాటిన 25 రోజులకు రెండో చివర ఆవాలు చల్లండి. మొదటి ఆవ ముదిరేలోగా రెండోది అందుకోవాలి. ఆకులకు చిల్లులు కనిపించగానే ఆ ఆవ మొక్కలు పీకి సబ్బునీళ్లలో ముంచాలి. క్యాబేజీ అడుగున్నర దూరంలో మూడు వరసలు, మడికి 18 పడతాయి.

వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగుకు ఏ తోడు మొక్కనూ నమ్ముకోకండి. వాలిన చిగురును వాలిన చోటికి అంగుళం కింద తుంచి, పాలిథీన్ కవరులో కట్టి ఎండలో పడేయడం, అదీ వారం తప్పకుండా, అదే అసలు మందు. కొత్త వంగ నాటేటప్పుడు పక్కన ముసలి వంగ ఉంచితే పురుగు అక్కడి నుంచే వస్తుంది.

ఇంకో మాట. వంగ ఆకును జల్లెడ చేసే పురుగునూ, పేనుబంకను తినే మేలు పురుగునూ మనం అక్షింతల పురుగు అనే అంటాం. వంగ మీదది మందమైన గోధుమ రంగు, మెరుపుండదు, ఒంటి నిండా చుక్కలు, పిల్లపురుగు పసుపు రంగులో ముళ్లతో ఉంటుంది. మేలు చేసేది నున్నగా మెరుస్తుంది, పిల్లపురుగు నల్లగా నారింజ మచ్చలతో పేనుబంక మధ్యే తిరుగుతుంది. దాన్ని చంపకండి. ఓ మూల నాలుగు అలసంద మొక్కలు, పూతకు వదిలేసిన కొత్తిమీర ఉంటే అవి అక్కడ నిలదొక్కుకుంటాయి.

పందిరిగుంజ:

బీర పిందెల గురించి. బంతి మీకు ఇక్కడ ఉపయోగపడదు, ఎందుకంటే బీర పువ్వు విచ్చేది సాయంత్రం ఐదు తర్వాత. సొర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. పగలు బంతి మీద తిరిగే తేనెటీగలు అప్పటికి గూటికి చేరిపోతాయి. కాకర, దోస, గుమ్మడి, నేతిబీర పొద్దున్నే విచ్చుకుంటాయి, తేనెటీగల వల్ల మేలు వాటికే. బీరకు చేత్తో పరాగం అంటించండి. ఆరు, ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, పిందె ఉన్న ఆడపువ్వు నడుమ మెల్లగా తాకించాలి. ఒక మగపువ్వు రెండు, మూడు ఆడపూలకు సరిపోతుంది.

దానికన్నా ముందు రాలిన పిందెను కోసి చూడండి. పైన సూదిపోటు లాంటి గాయం, జిగురు, లోపల తెల్లటి పురుగులు ఉంటే అది పండు ఈగ, పరాగం సమస్య కాదు. దానికి క్యూ లూర్ అనే వాసన ఎర ఉన్న బుట్ట పెట్టాలి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎరకు తీగజాతి మీది ఈగ రాదు, షాపులో అడిగి తీసుకోండి. పిందెలకు కాగితం సంచి తొడిగితే ఇంకా మంచిది. రాలినవి కంపోస్టు గుంతలో వేయొద్దు, రెండడుగుల లోతున పాతేయండి.

24 అడుగుల పట్టీలో ఒక సొర, నాలుగు బీర, మూడు కాకర. అంతకు మించొద్దు. సొరకు ఆరడుగులు, మిగతా వాటికి రెండున్నర అడుగుల చొప్పున వదలండి. పాదుల మొదట్లో నీడకు ఓర్చే బచ్చలి, పాలకూర వేయొచ్చు.

కొత్తమడి:

అందరికీ ధన్యవాదాలండీ. పిందె కోసి చూశాను, పురుగు లేదు. సాయంత్రం పరాగం మొదలుపెడతాను. ఇంకొక్కటి అడగాలి: తూర్పు వైపు పాత వంగ పీకితే వేళ్లకు బుడిపెలున్నాయి. పక్కన చిక్కుడు వేళ్లకూ ఉన్నాయి. రెండూ ఒకటేనా? ఆ మడిలో గోరుచిక్కుడు వేద్దామనుకున్నాను.

వేపపిండి:

చిక్కుడు వేరును వేళ్ల మధ్య నలపండి. బుడిపె వేరు పక్కన అంటుకుని ఉండి సులువుగా రాలితే, కోస్తే లోపల గులాబీ రంగుంటే అది మేలు చేసే నత్రజని బుడిపె. రాలకుండా వేరు తనే ఉబ్బి ఉంటే అది నులిపురుగు, వేళ్లలో దూరే, కంటికి కనిపించని సన్న పురుగు. వంగకు నత్రజని బుడిపెలు రావు, కాబట్టి ఆ మడిలో నులిపురుగు ఉన్నట్టే. గోరుచిక్కుడు వద్దు, ఫిబ్రవరిలో బెండ అసలే వద్దు, బెండ వేళ్లకు అది ఇట్టే పట్టేస్తుంది.

ఆ ఒక్క మడి నిండా అడుగుకొకటి చొప్పున బంతి పెట్టండి. అక్కడొకటి ఇక్కడొకటి పెడితే నులిపురుగు తగ్గదు, మడంతా బంతి వేళ్లు అల్లుకుని రెండు మూడు నెలలుండాలి, మధ్యలో కలుపు మొక్క కూడా ఉండకూడదు, దాని వేళ్లలో పురుగు బతికిపోతుంది. సంక్రాంతికి పూలు కోసుకుని, తర్వాత మొక్కలు నరికి అదే మడిలో కలిపేయండి. దారి మట్టి ఆ మడి నుంచి పక్క మడికి పార మీద పోకుండా చూసుకోండి.

మడిగట్టు:

అలా అయితే మిగిలినవి మూడు మడులు. ఒకటి టమాట. రెండోది సగం వంగ, నాలుగు మొక్కలు, సగం మిరప, ఆరు మొక్కలు. మూడోది క్యాబేజీ, దాని వరసల మధ్య తొలి నెల తోటకూర. తోటకూర గింజ పదింతల ఇసుకలో కలిపి చల్లితే ఒత్తుగా పడదు. గోంగూర వేస్తే ప్రహరీ పక్కన వేయండి, బెండ దగ్గర కాదు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, పచ్చదోమ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పోతుంది.

ఏప్రిల్‌లో బంతి మడిని బాగా తడిపి, పారదర్శకమైన పాలిథీన్ షీటు పరిచి అంచులు మట్టితో మూసి ఐదారు వారాలు వదిలేయండి. నల్ల షీటు కప్పితే లోతుకు వేడి దిగదు. మిగతా మడుల మట్టిని వేసవిలో దారుల కన్నా రెండంగుళాలు కిందికి దించండి, ఎత్తు మడి ఆ ఎండకు పూటలోనే ఆరిపోతుంది. పైన మూడంగుళాల వరిగడ్డి, 50 శాతం షేడ్ నెట్. జూన్‌లో వానలు పడేముందు మళ్లీ ఎత్తు చేసుకోవాలి.