పర్మిట్ వద్దన్న పార్టీకి మద్యనిషేధం ఎలా కుదిరింది?

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లల వక్తృత్వ పోటీకి ఈ చిక్కుముడి విప్పాలి, తెలిసినవారు చెప్పండి.

వ్యాపారానికి పర్మిట్లు వద్దు, ప్రభుత్వ జోక్యం తగ్గాలంటూ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టిన రాజాజీయే (సి. రాజగోపాలాచారి) 1937లో మద్రాసు ప్రభుత్వాధినేతగా సేలంలో మద్యనిషేధం తెచ్చారు. అదే పార్టీలో మన సోంపేట గౌతు లచ్చన్న గారూ ఉన్నారు. ఆయనేమో కల్లుగీత కార్మికుల పక్షం. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది ఈ నిషేధం గొడవలోనే.

వ్యాపారానికి పర్మిట్ వద్దనేవారు కల్లుముంత దగ్గర పోలీసును ఎలా ఒప్పుకున్నారు? ‘తాగుడు ఇల్లాలిని ముంచుతుంది’ అనొచ్చు. అయితే అది హాని ఆపే వాదన, నీతి నేర్పే వాదన కాదు. పిల్లలు తడబడేది ఇక్కడే.

రాజాజీ దీన్ని ఎలా సమర్థించుకున్నారు? 1954 శాసనసభ చర్చల ప్రతులు ఎక్కడ చూడొచ్చు?