అప్‌డేట్: తోటలో పడి ఉన్న మినీ ట్రాక్టర్ ఇంజిన్ స్టార్ట్ అయింది

నర్సంపేట దగ్గర మా మామిడి తోటలో ఏళ్లుగా ఎండకూ వానకూ వదిలేసిన చిన్న డీజిల్ ట్రాక్టర్‌ను 15 వేల రూపాయల లోపు నడిపించొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఇంజిన్ స్టార్ట్ అయింది, బండి మాత్రం ఇంకా కదల్లేదు.

ఇంజిన్ జామ్ అయింది, బోర్ (సిలిండర్ లోపలి గోడను మళ్లీ కోయించడం) చేయించాల్సిందే అన్నాడు ఇక్కడి మెకానిక్. అప్పుడు మీరు జవాబుల్లో చెప్పినట్టే నాజిల్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి బాగా నాననిచ్చి, ముందున్న పుల్లీని అటూ ఇటూ కదుపుతుంటే మెల్లగా వదిలింది. నాజిల్ బిగించే ముందే ఇంజిన్ తిప్పి ఆ నూనెంతా బయటికి చిమ్మించాలి, లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

అసలు తంటా ట్యాంకుతోనే. తుప్పు, జిగురుగా మారిన పాత డీజిల్... గులకరాళ్లు వేసి ఊపి ఊపి కడిగేసరికి మా బావ చేతులు పడిపోయాయి. ఫిల్టర్లు కొత్తవి వేశాం. నాజిల్ వరంగల్‌లో టెస్టింగ్ చేయించాం, అక్కడ పైసలకు చూసుకోవద్దు, ప్రెషర్ లేకపోతే పొగే తప్ప ఇంజిన్ అందుకోదు. తర్వాత ఎయిర్ తీయడం, అంటే డీజిల్ పైపుల్లో చిక్కిన గాలిని బయటికి పంపడం. ఒక్కోటి వదులు చేసుకుంటూ పోవాలి: ముందు ఫిల్టర్ స్క్రూ, ఆపైన పంపు, చివర్లో నాజిల్ పైపు నట్టు, బుడగలు ఆగేదాకా.

బ్యాటరీ పక్క చేను అన్న దగ్గర అరువు తెచ్చిందే.

ఇప్పుడు క్లచ్ వదలట్లేదు, క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) అతుక్కున్నట్టుంది. పెడల్ తొక్కి కట్టేసి ఉంచాం. వదలకపోతే బండి మధ్యకు విడదీయాలి, అప్పుడు 15 వేలు చాలవు.