మిన్నెసోటా అడవిలో చలికాలమంతా ఒక్కడే ఉంటాడట – ఈ సామాను లిస్టు సరిపోతుందా?

కరీంనగర్ అక్క:
మా తమ్ముడికి 20 ఏళ్ళు, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో చదువుతున్నాడు. స్ప్రింగ్ సెమిస్టర్ వదిలేసి, డిసెంబరు మధ్య నుంచి మార్చి చివరిదాకా ఈలీ ఊరికి పైనున్న బౌండరీ వాటర్స్ అడవిలో ఒక్కడే ఉంటానంటున్నాడు. దాదాపు వంద రోజులు. వేసవిలో పడవేసుకుని తిరిగిన చోటే కాబట్టి దారులన్నీ తెలుసంటాడు. వద్దంటే వినే రకం కాదు, అందుకే వాడి లిస్టే ఇక్కడ పెడుతున్నా. మైనస్ 18 డిగ్రీల స్లీపింగ్ బ్యాగు, గాలి పరుపు ఒకటి, మామూలు టెంటు, పొట్టి గొడ్డలి, గ్యాస్ క్యానిస్టర్ స్టవ్, కాటన్ థర్మల్స్ రెండు జతలు, బియ్యం 20 కిలోలు, కుందేళ్ళకి ఉచ్చు తీగ, గాలం సామాను, పవర్ బ్యాంకు. మిగతా తిండి అడవే పెడుతుందట. ఏది తప్పో, ఎందుకు తప్పో చెబితే వాడికి చూపిస్తాను. ఊరికే భయపెట్టకండి, భయానికి లొంగడు.

నెగడు:
అక్కా, ముందు తిండి లెక్క. లిస్టులో పెద్ద తప్పు అక్కడే ఉంది.

ఆ చలిలో స్లెడ్ (మంచు మీద జారే సామాను బండి) లాగి, కట్టెలు కోసే కుర్రాడికి రోజుకి 4,500 క్యాలరీలు కావాలి. వంద రోజులకి 4,50,000. ఇరవై కిలోల బియ్యం 72,000 ఇస్తుంది, అంటే 16 రోజులు. మిగిలిన 84 రోజులు కుందేళ్ళ మీద గడవాలి. అక్కడి స్నోషూ కుందేలుని చర్మం తీసి శుభ్రం చేస్తే ముప్పావు కిలో మాంసం, మహా అయితే 900 క్యాలరీలు. రోజుకి ఐదు పడాలి. పడవు.

పడ్డా లాభం లేదు, ఆ మాంసంలో కొవ్వు ఉండదు. మన ఒంటికి కావలసిన శక్తిలో మూడో వంతుకి మించి మాంసకృత్తుల నుంచే రావాలంటే కాలేయం తట్టుకోలేదు. వారం తిరిగేసరికి విరేచనాలు, తలనొప్పి, కడుపు నిండా తిన్నా తీరని ఆకలి. దీన్నే అక్కడ ‘కుందేలు కరువు’ అంటారు. ఆర్కిటిక్‌లో ఏళ్ళ తరబడి తిరిగిన స్టెఫాన్సన్ దీని గురించి వివరంగా రాశాడు.

కావలసింది కొవ్వు. అది మన వంటింట్లోనే ఉంది. నెయ్యి 25 కిలోలు (2,25,000 క్యాలరీలు), వేయించిన పల్లీలు 15 (85,000), అటుకులు, బియ్యం, ఓట్స్ కలిపి 25 (90,000), బెల్లం 8 (30,000), పెసరపప్పు 6 (20,000). మొత్తం 79 కిలోలు, లెక్క సరిగ్గా కుదురుతుంది. రోజుకి పావు కిలో నెయ్యి అంటే అందరి కడుపూ ఒప్పుకోదు. నెల ముందు నుంచే 50 గ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. కందిపప్పు మాత్రం వద్దు, కుక్కర్ లేకుండా ఉడికేలోపు సగం కట్టెలు అయిపోతాయి.

ఇంకో సంగతి. మైనస్ 25లో నెయ్యి రాయిలా ఉంటుంది, చెంచా దిగదు. ఇంట్లోనే 60 గ్రాముల ముక్కలుగా పేరబెట్టి కాగితంలో చుట్టి తీసుకెళ్ళాలి. సున్నుండలు బ్రహ్మాండమైన తిండే కానీ ఆ చలికి పళ్ళు విరుగుతాయి. పొద్దున్నే రెండు లోపలి జేబులో వేసుకుంటే మధ్యాహ్నానికి కొరకొచ్చు. రేకు డబ్బాలు, గాజు సీసాలు ఆ అడవిలోకి తీసుకెళ్ళకూడదు, కాబట్టి అమ్మ పంపే ఆవకాయ కూడా ప్లాస్టిక్‌లోనే.

విటమిన్ సి మాత్రలు రోజుకొకటి. రెండు మూడు నెలలు అది అందకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. 1535–36 చలికాలంలో క్యూబెక్ దగ్గర ఫ్రెంచి నావికుడు కార్టియే మనుషులకి అదే జరిగింది. అక్కడి స్థానికులు ఒక చెట్టు ఆకుల కషాయం ఇచ్చి నిలబెట్టారు. మీవాడు ఆకులు కాచుకోబోతే ఒక మాట: ఆ అడవుల్లో యూ అనే పొద కూడా ఉంటుంది, చూడ్డానికి ఫర్ చెట్టు కొమ్మలాగే ఉంటుంది కానీ విషం.

ఉత్తరదిక్కు:
సామాను కంటే ముందు రెండు విషయాలు. ఒకటి, అక్కడ ఒకే క్యాంపు చోట 14 రోజులకి మించి ఉండనివ్వరు. ‘గుడారం వేసి వంద రోజులు’ అనే ప్లానే చెల్లదు. పర్మిట్ చలికాలంలో ఉచితమే, ఎవరికి వారు రాసుకోవచ్చు. కుందేళ్ళకైనా చేపలకైనా లైసెన్సులు వేరు. రెండు, ఎఫ్-1 (చదువు) వీసా మీద ఉన్నవాడైతే స్ప్రింగ్‌లో పూర్తి కోర్సులు తీసుకోకుండా మాయమైతే స్టేటస్ పోతుంది. కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అది లేకపోతే సెలవుల్లో పది పన్నెండు రోజులకి కుదించుకోవడమే దారి.

కరీంనగర్ అక్క:
వీసా సంగతి చెప్తే కాస్త తగ్గాడు. ‘రెండు వారాల చొప్పున వెళ్తా, కానీ గాలం వేస్తా’ అంటున్నాడు. చేపలు లెక్కలోకి రావా? మామూలు టెంటు బదులు మంచుతో ఇల్లు కట్టుకుంటాడట, వీడియోల్లో చూశాడు.

నెగడు:
చేపల్ని కూరగా లెక్కేసుకోవాలి, అన్నంగా కాదు. లేక్ ట్రౌట్‌లో కొవ్వు బాగానే ఉంటుంది, వాలై అనే చేప మాత్రం కొవ్వు లేకపోవడంలో కుందేలుకి చెల్లెలే. మోటారు డ్రిల్లులకి అక్కడ అనుమతి లేదు, చేత్తో తిప్పే ఆగర్ కావాలి. ఒక కన్నం తవ్వి కూర్చుంటే గంట గంటకీ పైన పెంకు కడుతూనే ఉంటుంది.

ఉత్తరదిక్కు:
మంచు ఇల్లు ఇద్దరున్నప్పుడు మంచిదే. పొడి మంచుని మనిషెత్తు కుప్పగా పోసి, రెండు గంటలు గట్టిపడనిచ్చి, 30 సెంటీమీటర్ల పుల్లలు చుట్టూ గుచ్చి, లోపల్నుంచి పుల్ల కొస కనబడేదాకా తవ్వుతారు. తవ్వేటప్పుడే కప్పు కూలేది. లోపల మోకాళ్ళ మీద ఉన్నవాడిని లాగడానికి బయట ఒకడు ఉండాలి. ఒక్కడైతే చెయ్యకూడని పని. పైగా తవ్వేసరికి చొక్కా నుంచి చేతి తొడుగుల దాకా తడిసిపోతుంది.

ఈ తడి గురించే ఎక్కువ చెప్పాలి. అక్కడ మనిషిని చలి ఒక్కటే చంపదు, చెమట పట్టాక వచ్చే చలి చంపుతుంది. కాటన్ చెమటని పట్టుకుని వదలదు, కాబట్టి ఆ రెండు జతలూ ఇంట్లోనే. లోపల ఉన్ని లేదా పాలిప్రొపిలీన్, దాని మీద ఫ్లీస్, పైన గాలి ఆపే పల్చటి జాకెట్. పని మొదలుపెట్టేటప్పుడు కాస్త చలేస్తూ ఉండాలి. ఒళ్ళు వేడెక్కే ముందే ఒక పొర తీసెయ్యాలి, ఆగిన వెంటనే డౌన్ కోటు (పక్షి ఈకలు నింపింది) వేసుకోవాలి. బూట్లు ఒక సైజు పెద్దవి, లోపలి ఫెల్ట్ పొర విడిగా వచ్చేవి. పల్చటి సాక్సు మీద ప్లాస్టిక్ సంచీ, దాని మీద మందపాటి సాక్సు వేసుకుంటే చెమట ఫెల్ట్‌లోకి దిగదు. చూడ్డానికి ఛండాలంగా ఉంటుంది, పనిచేస్తుంది.

స్లీపింగ్ బ్యాగులోనూ అదే. మైనస్ 18 అంటే ఎలాగోలా రాత్రి గడిచే హద్దు, హాయిగా నిద్రపట్టేది కాదు. జనవరిలో అక్కడ మైనస్ 30 మామూలే. ఈలీ పక్కనే ఉన్న టవర్ ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 నమోదైంది. మైనస్ 40 బ్యాగు కావాలి. గాలి పరుపు ఒక్కటే అయితే ఒక్క చిల్లుతో కథ ముగుస్తుంది, కింద ఫోమ్ చాప తప్పనిసరి. ముక్కు బ్యాగు లోపల పెట్టి ఊపిరి వదిలితే ఆ ఆవిరంతా దూదిలో మంచవుతుంది. రోజూ కొంచెం కొంచెంగా చేరి, వారం దాటేసరికి బ్యాగు బరువెక్కి వెచ్చదనం బాగా తగ్గిపోతుంది. దాన్ని ఆరబెట్టే మార్గం లేని టెంటులో రెండు వారాలు గడవదు. అందుకే రేకు పొయ్యి పెట్టుకునే గుడ్డ టెంటు. పొయ్యి కింద ఎండు దుంగలు రెండు వెయ్యకపోతే మంచు కరిగి గొట్టంతో సహా ఒరుగుతుంది. పైన ఒకటి, కింద ఒకటి గాలి సందు తెరిచే ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. రాత్రి మంట ఆర్పి, బ్యాగులోకి వేడినీళ్ళ సీసా పెట్టుకుని పడుకోవడమే. మూత్రం ఆపుకుని పడుకోవద్దు, లేచి వెళ్ళొచ్చాక వెచ్చగా నిద్రపడుతుంది.

నెగడు:
కట్టెల మాట నేను చెప్తాను. పగలు అక్కడ డిసెంబరు రెండో సగంలో ఎనిమిదిన్నర గంటలకి మించదు, అందులో మూడు గంటలు కట్టెలకే పోతాయి. పడి ఉన్న చెట్టు తడి. నిలబడే చచ్చిపోయి, బెరడు ఊడి, తడితే ఖంగుమనే స్ప్రూస్, జాక్ పైన్ వెతకాలి. పచ్చి చెట్టు నరికితే నేరం. 24 అంగుళాల రంపం, విడి బ్లేడు ఒకటి. పొట్టి గొడ్డలి మహా ప్రమాదం: గురి తప్పితే పొడుగు కాడ గొడ్డలి నేలకి తగులుతుంది, పొట్టిది మోకాలికి. ఉన్నదే వాడితే మోకాళ్ళ మీద కూర్చుని, ఎదురుగా దుంగ పెట్టుకుని చీల్చాలి. మైనస్ 30లో ఇనుము పెళుసవుతుంది, మొదటి దెబ్బకి ముందు అంచుని కాస్త వెచ్చబెట్టాలి.

గ్యాస్ స్టవ్ వద్దు. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర. లైటరూ అంతే, ఒంటికి ఆనుకుని ఉండాలి. వైట్ గ్యాస్ (పెట్రోలు లాంటి ద్రవ ఇంధనం) స్టవ్ పనిచేస్తుంది, కానీ పోసేటప్పుడు చేతి మీద పడితే ఆ చలికి చర్మం అక్కడికక్కడే గడ్డకడుతుంది. నిప్పు అంటించడానికి బర్చ్ బెరడు, తడిగా ఉన్నా మండుతుంది. రాలి పడిందే ఏరుకోవాలి, చెట్టు నుంచి ఒలవకూడదు. నీళ్ళకి మంచు కరిగించేటప్పుడు గిన్నెలో ముందు గ్లాసుడు నీళ్ళు పోయాలి, లేకపోతే అడుగు మాడి నీళ్ళకి మసి వాసన. ఉత్త మంచు తింటే లీటరుకి 125 క్యాలరీల దాకా ఒంటి వేడి పోతుంది.

ఉత్తరదిక్కు:
వేసవి దారులు తెలుసన్నాడు కదా, అదే నాకు గుబులు. పడవకి మంచి దారి నడకకి చెడ్డ దారి కావచ్చు. రెండు సరస్సుల మధ్య ఇరుకు, వాగు కలిసే చోటు, బయటికి పారే చోటు అన్నీ కింద ప్రవాహం వల్ల పల్చగానే గడ్డకడతాయి. స్పష్టంగా నల్లగా కనిపించే ఐసు 10 సెంటీమీటర్లుంటే ఒక మనిషి నడవొచ్చు, తెల్లదైతే దానికి రెట్టింపు. కొత్త చోట ప్రతి కొన్ని అడుగులకీ గడ్డపారతో పొడిచి చూడాలి. ఐసులో గుచ్చి పైకి లాక్కోవడానికి ఐస్ పిక్కులు (చేతి మేకులు) మెడలో వేలాడాలి, బ్యాగులో కాదు.

పడిపోతే గుర్తుండాల్సింది మానిటోబా యూనివర్సిటీ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి, స్పృహ పోవడానికి గంట పడుతుంది. వచ్చిన వైపే తిరగాలి, ఎందుకంటే అక్కడి ఐసు తన బరువు మోసిందే. కాళ్ళు తన్నుతూ పొట్ట మీద ఎక్కి, లేవకుండా దొర్లుకుంటూ రావాలి.

బొటనవేలు చిటికెనవేలికి తగలకపోతే చేతులు పోతున్నట్టే, చేస్తున్న పని ఆపి మంట వెయ్యాలి. తెల్లబడిన వేలిని మంచుతో రుద్దడం పాత పిచ్చి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంటే అసలు కరిగించకూడదు.

కరీంనగర్ అక్క:
వాడు డౌన్ కోటు ధరలు చూస్తున్నాడు, అంటే విన్నట్టే. ఇక్కడి నుంచి నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా?

ఉత్తరదిక్కు:
ఉంది. ఫోను, పవర్ బ్యాంకు మీద ఆధారపడొద్దనండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ ముందు చస్తుంది. శాటిలైట్ మెసెంజర్ ఒకటి తప్పదు, అది కూడా చొక్కా లోపలి జేబులో. రోజుకి రెండు మెసేజ్‌లు: అక్కడ ఉదయం 8కి, రాత్రి 8కి. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు, కాబట్టి మీకు రాత్రి ఏడున్నరకి, పొద్దున ఏడున్నరకి వస్తాయి. ఒకటి రాకపోతే మీరు మెసేజ్ పెట్టండి. వరుసగా రెండు రాకపోతే ఇంక ఆలోచన లేదు, ఫోన్ చెయ్యడమే.

ఇండియా నుంచి 911 (అక్కడి అత్యవసర నంబరు) కొడితే అక్కడి పోలీసులకి వెళ్ళదు. ఆ కౌంటీ షెరిఫ్ డిస్పాచ్‌కి, అంటే అక్కడి జిల్లా పోలీసు కంట్రోల్ రూముకి, మామూలు పదంకెల నంబరు ఉంటుంది, అది ముందే తెలుసుకుని +1 కలిపి రాసిపెట్టుకోండి. పక్కనే ఇవి: ఏ ఎంట్రీ పాయింటు నుంచి లోపలికి వెళ్ళాడు, కారు నంబరు, ఎక్కడ పార్క్ చేశాడు, ఏ రోజు ఏ సరస్సు దగ్గర పడుకోవాలి, టెంటు రంగు, కోటు రంగు, ఎన్ని రోజుల తిండి ఉంది, ఏవైనా మందులు వాడతాడా. మెసెంజర్‌లో ఎమర్జెన్సీ కాంటాక్టుగా మాత్రం మీ నంబరు ఒక్కటే ఇవ్వొద్దు, డులూత్‌లో అర్ధరాత్రైనా ఫోనెత్తే రూమ్మేటుది మొదట పెట్టించండి. ఇదే కాగితం అతని దగ్గరా ఒకటి ఉండాలి.