ఒకే పూట తొమ్మిది మాత్రలా? లేటెంట్ టీబీ కోర్సు గురించి

పెద్దక్క: నాన్నగారికి టీబీ అని తేలాక నాకూ తమ్ముడికీ పరీక్షలు చేశారు. ఇద్దరికీ పాజిటివ్, ఎక్స్‌రేలు మాత్రం క్లియర్. అంటే లేటెంట్ టీబీ అట, క్రిములు ఒంట్లో ఉన్నా జబ్బుగా మారని దశ. వాడికి ఐసోనియాజిడ్ 300 మి.గ్రా. రోజుకొకటి, ఆరు నెలలు. నాకేమో వారానికి ఒక్కరోజే, కానీ ఒకేసారి తొమ్మిది: 300వి మూడు ఐసోనియాజిడ్, 150వి ఆరు రిఫాపెంటిన్. అలా 12 వారాలు. నా బరువు 54 కిలోలు. లివర్ ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది. పైగా మొన్న ఆదివారం ప్రయాణంలో ఉండి వేసుకోలేదు. ఇవాళ బుధవారం, ఇప్పుడు వేసుకోవచ్చా?

టీబీ వార్డు నర్సు: ముందు లెక్క చూడండమ్మా. మీ తమ్ముడి ఒంట్లోకి వారానికి 2,100 మి.గ్రా. ఐసోనియాజిడ్ వెళ్తోంది, మీకు 900. కోర్సు మొత్తం మీద మీది 10,800, అతనిది సుమారు 54,000. రిఫాపెంటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టే వారానికోసారి సరిపోతుంది. మీ బరువుకి రెండూ 900 చొప్పున సరైన డోసే.

ఈరోజే భోజనంతో వేసుకోండి. రెండు డోసుల మధ్య కనీసం 72 గంటలు ఉండాలి, వచ్చే ఆదివారానికి అంతకన్నా ఎక్కువే ఉంది కాబట్టి రోజు మార్చనక్కర్లేదు. రేపు రాత్రికి వాయిదా వేస్తే మాత్రం చాలదు. తప్పిందని రెట్టింపు వేసుకోకండి. 12 డోసులూ 16 వారాల్లోపు పూర్తవ్వాలి. తప్పిన సంగతి మీ డాక్టర్‌కీ చెప్పండి.

కళ్లజోడు: రిఫాపెంటిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడకండి. కాంటాక్ట్ లెన్సులకీ ఆ రంగు అంటుకుంటుంది, అందుకే నేను కళ్లజోడుకి మారా.

పెద్దక్క: థాంక్సండీ. మరి తమ్ముడికి ఈ చిన్న కోర్సు ఎందుకివ్వలేదో? వాడికి గుండె వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతాడు.

టీబీ వార్డు నర్సు: బహుశా అందుకే. రిఫాపెంటిన్ వార్ఫరిన్ పనిని బాగా తగ్గించేస్తుంది, వాల్వు ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఐసోనియాజిడ్‌తో కూడా ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే పరీక్ష) చూపించుకుంటూ ఉండాలి. మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అవీ సరిగా పనిచేయవు, వేరే పద్ధతి అడగండి. ఇద్దరూ మందు మానేయాలి, అంటే ఆల్కహాల్! ఆకలి చచ్చిపోయినా, వాంతులైనా, కళ్లు పచ్చబడినా తర్వాతి డోసు ఆపి అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.